తోక దించని ఈల

డాల్ఫిన్‌ను చేప అనొద్దని ఎన్నిసార్లు చెప్పినా మా ఇంట్ల ఎవరూ వినలేదు. చేప గుడ్లు పెడతది. ఇది పిల్లను కని పాలు ఇస్తది. చేప నీళ్ళల్లనే ఊపిరి తీసుకుంటది. ఇది మనలెక్క గాలి కోసం పైకి రావాలె, నెత్తి మీదున్న ఒక్క రంధ్రంతోని పీల్చుకొని మళ్ళ మునగాలె. ఇంత తేడా ఉన్నదని నేను గొంతు చించుకుంటే మా ఇంటామె, "ఏమయ్యా, నీ చాపలొచ్చినయి టీవీల, సూద్దువు రా" అని వంటింట్ల నుంచి కేకేసేది. కావాలనే అనేది. నాకు కోపమొస్తే ఆమెకు సంబురం.

నేను బడికి పోయినోన్ని కాదు. చిన్నప్పుడు గొర్లు కాసిన. గొర్లు పోయినంక ఇబ్రహీంపట్నం బస్టాండుల బస్సుల మీదికి మూటలెక్కించిన. బస్సుల నొసటి మీద రాసి ఉండే ఊర్ల పేర్లు చూసి చూసి అక్షరాలు పట్టుకున్న. నేను చదివిన మొదటి మాట మా ఊరి పేరే. తర్వాత కిరాయి సైకిళ్ళ దుకాణం పెట్టుకున్న. పంచర్లు వేసుకుంట, మిర్చీలు కట్టిచ్చిన కాయితం కూడ విప్పి చదివిన. ఒక్కోసారి కాయితం సగమే ఉండేది. భూకంపం ఎందుకొస్తదో నాకు సగం తెలుసు. చంద్రుని మీద గుంతలెట్ల పడ్డయో సగం తెలుసు. మిగిలిన సగం కోసం ఎవరినన్న అడిగితే, "నీకెందుకు పెద్దమనిషీ అవన్ని" అన్నరు. ఎందుకంటే ఏం చెప్పాలె? బతికి ఉన్న కాబట్టి.

డాల్ఫిన్ల సంగతి మాత్రం నాకు పూర్తిగ తెలిసింది. తెలిసినదాన్ని ఎక్కడ పెట్టుకోవాలెనో ఇప్పటికీ తెల్వదు. అందుకే ఇది రాస్తున్న.

అవి రింగు రోడ్డు పడుతున్న ఏండ్లు. ఆదిభట్ల దిక్కు చేన్లల్ల ప్లాట్ల కోసం తెల్లరాళ్ళు పాతుతున్నరు. వానల గురించి, బాయిల గురించి మాట్లాడే మనుషులు గజాల గురించి మాట్లాడుడు మొదలుపెట్టిండ్రు. ఒక ఎండాకాలం పగటి పూట నేను టీవీ ముందు కూసున్న. అక్క మా గడప మీద కూసోని చింతపండుల గింజలు తీస్తున్నది. అక్క నాకన్న పెద్దది. మొగడు సచ్చినంక మా పక్కనే ఒక్క అర్రల వేరే పొయ్యి పెట్టుకున్నది. పొయ్యి వేరేగాని టీవీ మాత్రం మాదే చూసేది.

టీవీల సముద్రం చూపిస్తున్నరు. తెలుగుల చెప్పేటోడు పుస్తకం ముంగట పెట్టుకొని చదువుతున్నట్టు చెప్తున్నడు. ప్రతి డాల్ఫిన్‌కు సొంత ఈల ఒకటి ఉంటదట. పుట్టిన ఏడాదిలోపల పిల్ల తన ఈల తానే తయారు చేసుకుంటదట. ఇగ బతికినన్ని దినాలు దాదాపు అదే ఈల. సముద్రంల చూపు దూరం పోదు, చప్పుడు పోతది. కాబట్టి మంద విడిపోయినప్పుడు ఒక్కొక్కటి తన ఈల ఊది నేనిక్కడున్న అని చెప్తదట. ఇంకో డాల్ఫిన్ దాన్ని పిలవాలంటే అదే ఈలను అనుకరిస్తదట. మనం పేరు పెట్టి పిలిచినట్టే.

"గింతేనా?" అన్నది అక్క. "గిది చెప్పనీకే అంత దూరం సముద్రంల మునిగిండ్రా?"

నాకూ అట్లనే కోపమొచ్చింది. మా ముగ్గురికి ఈలలు ఉండేవి. అక్కకు, నాకు, తమ్మునికి. గొర్లు కాసే ఇండ్లల్ల ఇది ఎవరూ నేర్పేది కాదు. గుట్టకు ఒక దిక్కు ఒకడు, ఇంకో దిక్కు ఇంకొకడు మంద తిప్పుతుంటరు. గాలికి మాట అందదు. రెండు వేళ్ళు నోట్ల పెట్టుకొని ఊదాల్సిందే. ఊది ఊది ఒక ఏడు తిరిగేసరికి ఒక వంకర నాలుకకు పడుతది. అదే ఇగ నీది. అక్క ఈల తాడు లాగినట్టు పొడుగ్గ పోయి తటుక్కున తెగేది. నాది రెండు పొట్టివి, ఒక పొడుగుది. తమ్మునిది గుట్ట ఎక్కినట్టు పైకి పోయి, నడుమ రాయి తగిలి తూలినట్టు విరిగి, మళ్ళ పైకి లేచి, చివరికి మెల్లగ దిగేది.

ఆ దిగుడులనే అసలు సంగతి ఉన్నది. ఈల ఎవనిదో వాడు ఊదితే చివర దించుతడు. తోక దించుడు అనేటోళ్ళం. వేరేటోడు వాన్ని పిలవాలంటే అదే ఈల ఊదుతడు గాని తోక దించడు, లేపి ఇడిచిపెడతడు. లేపిన తోక అంటే, ఏడున్నవ్ అని. దించిన తోక అంటే, ఈడున్న అని. ఇది కూడ ఎవరూ చెప్పింది కాదు. తప్పితే మంద ఆగమైతది కాబట్టి ఎవరూ తప్పలేదు.

టీవీల అప్పుడు అసలు ఈల వినిపించిండ్రు. సన్నగ, తడి గాజు మీద వేలు రుద్దినట్టు, పైకి పోయి విరిగి మళ్ళ లేచింది. అక్క చేతులల్ల చింతపండు ఆగింది. ఏదో దుమ్ము దులుపుకున్నంత మామూలుగ రెండు వేళ్ళు నోట్ల పెట్టుకొని, ఇంట్లనే, తమ్ముని ఈల ఊదింది. తోక లేపి.

వంటింట్ల గంటె కింద పడ్డ చప్పుడైంది. "ఇంట్ల ఈలేంది వదినా" అనుకుంట మా ఇంటామె బయటికొచ్చింది. అక్క ఇంకా టీవీ దిక్కే చూస్తున్నది, అదేదో జవాబియ్యాలె అన్నట్టు.

టీవీల చెప్పేటోడు ఆపలేదు. డాల్ఫిన్లు గొంతును పట్టి గుర్తు పట్టవట, ఈల వంకరను పట్టి గుర్తు పడతయట. అది తెలుసుకునేటందుకు ఒక డాల్ఫిన్ ఈలల నుంచి గొంతు తీసేసి, వంకర ఒక్కటి మిగిల్చి, ఒక డబ్బాల పెట్టి నీళ్ళల్ల దించి ఊదించిండ్రు. దాని మనిషి, అంటే దాన్ని ఎరిగిన ఇంకో డాల్ఫిన్, గిర్రున డబ్బా దిక్కు తిరిగింది.

"ఎవలు పిలిచినట్టు మరి?" అని అడిగింది అక్క.

"ఎవలూ లేరక్కా. డబ్బా."

"డబ్బా దగ్గరికి పోయిందా అది?"

"పోయింది."

అక్క చింతపండు చాట పక్కకు జరిపింది. "గంత పాపం ఎట్ల చేయబుద్ధైంది వాళ్ళకు" అన్నది. లేచి తన అర్రలకు పోయి తలుపు దగ్గరికి వేసుకున్నది. వాళ్ళకు అది పరీక్ష. తిరిగి చూసిన జీవానికి ఏమైందో ఎవడూ చెప్పలేదు. కార్యక్రమం అయిపోయి పండ్లు తోముకునే పొడి ప్రకటన మీదికి పోయింది.

తమ్ముడు ఊరిడిచి పోయి అప్పటికి ముప్పై ఏండ్లు దాటింది. గడ్డి లేని ఒక ఏడు, గొర్లకు రోగమొచ్చి మంద మంద పోయింది. మేస్త్రి ఒకడు లారీ తెచ్చి బొంబాయికి పనికి మనుషుల్ని ఎక్కించుకున్నడు. తమ్ముడు ఎక్కిండు. తర్వాత ఒక్కసారి, అక్కడి నుంచి వచ్చినోడు ఎవడో, సముద్రం ఒడ్డున రాళ్ళు పేర్చే పని చేస్తున్నడని చెప్పిండు. అంతే. ఊర్ల ఒకడు పారిపోయిండన్నడు, ఒకడు పెండ్లి చేసుకొని మరిచిండన్నడు. ఒకడు సచ్చిండన్నడు. వాని మీదికి అక్క చీపురు తీసుకొని పోయింది.

అక్క రోజూ పొద్దు వంగేటప్పుడు గుట్ట ఎక్కేది. కట్టెలకు పోయినట్టే పోయేది. పైన నిలబడి తమ్ముని ఈల ఊదేది, తోక లేపి. జర సేపు ఆగేది. దిగొచ్చేది. నేను ఏనాడు ఆపలేదు. రింగు రోడ్డుకు కంకర కావాలని గుట్టను ఒక పక్క నుంచి పేల్చుడు మొదలుపెట్టినంక, కింద క్రషర్ పడ్డంక, అక్క పోవుడు బందైంది. ఓడల మోతకు డాల్ఫిన్లు ఒకదాని ఈల ఒకటి వినలేక తిప్పలు పడుతున్నయని తర్వాత ఎక్కడో చదివిన. వాటి బాధ రాసేటందుకు మనుషులున్నరు. క్రషర్ మోత గురించి నేను ఇచ్చిన అర్జీ మీద చాయ్ గ్లాసు పెట్టిండ్రు.

గుట్ట కింద మా అయ్య ఇడిచిపెట్టిన చెలక భూమి ఉన్నది. నాది, తమ్మునిది కలిపి. భూముల బ్రోకర్ ఒకడు వారం వారం వచ్చేటోడు. చెలక అమ్మాలంటే తమ్ముడన్న రావాలె, లేకుంటే సచ్చిండనన్న ఒప్పుకోవాలె. బ్రోకర్ నన్ను అడగడు, అక్కను అడుగుతడు. మా ఇంట్ల ఎవరి మాట నడుస్తదో వానికి తెలుసు.

"ముప్పై ఏండ్లాయె అక్కా. ఉంటే రాడా?"

"నీకు ఉంటే గింటే ఎందుకు? నీ అన్నదమ్ముడా?"

"గట్ల కాదు. పోయిండని ఒక్క మాట నువ్వంటే..."

"నేననను. నువ్వు అను, సూద్దాం."

బ్రోకర్ గమ్మున చాయ్ తాగి పోయేటోడు. నేను అమ్మాలనీ అనలేదు, వద్దనీ అనలేదు. తమ్ముడు ఉన్నడా లేడా అన్నది తెలిస్తే సాలు అనుకున్న. అక్కకు కూడ అదొక్కటే కావాలె. కాకపోతే నాకు ఏ జవాబైనా సరే, ఆమెకు ఒక్క జవాబే సరే.

టీవీల ఈల విన్న ఆ ఎండాకాలమే, ఇంకా మామిడిపండ్లు ఉండంగనే, మిట్ట మధ్యాహ్నం ఒకాయన వచ్చిండు. నేను దుకాణం మూసి అన్నానికి ఇంటికొచ్చిన. గల్లీల కుక్క కూడ లేదు. తలకు తువ్వాల చుట్టుకొని, చేతిల రెక్సిన్ సంచితోని, మా వాకిట్ల నిలబడి మా అయ్య పేరు చెప్పి ఆయన ఇల్లు ఇదేనా అని అడిగిండు. వయసు తమ్మునంతనే ఉంటది. ఎండకు, ఉప్పుగాలికి మొఖం చెప్పు అట్టలెక్క అయింది. తమ్మునిది పందొమ్మిదేండ్ల మొఖంగనే నాకు గుర్తున్నది. దాని మీద ఈ మొఖం పెట్టి చూస్తే సరిపోతదీ అనిపిస్తది, సరిపోదూ అనిపిస్తది.

నేను నోరు తెరిచేలోపల అక్క తన అర్రల నుంచి బయటికొచ్చింది. ఎవరు అని అడగలేదు. దగ్గరికి పోలేదు. వాకిలి ఆ పక్కన నిలబడి వేళ్ళు నోట్ల పెట్టుకొని తమ్ముని ఈల ఊదింది, గుట్ట మీద ఊదినంత గట్టిగ.

ఆయన చేతుల నుంచి సంచి జారింది. రెండు వేళ్ళు నోట్లకు పోయినయి. ఊదిండు. పైకి పోయింది, నడుమ విరిగింది, మళ్ళ లేచింది. పొల్లు పోలేదు.

గల్లీల తలుపులు తెరుచుకున్నయి. "వచ్చిండమ్మా, తమ్ముడొచ్చిండు. అక్క ఈల పెట్టి గుర్తు పట్టింది" అని ఒకామె ఏడుపు మొదలుపెట్టింది. మా ఇంటామె చెంబుతోని నీళ్ళు తెచ్చింది. అక్క మాత్రం నిలబడ్డకాన్నే నిలబడి కొద్దిసేపు చూసింది. తర్వాత, "కాళ్ళు కడుక్కో. బువ్వ తిను" అన్నది.

ఆయన తోక దించలేదు. లేపి ఇడిచిపెట్టిండు. నేనే తమ్మున్ని అని రావాల్సిన మనిషి, తమ్ముడా ఏడున్నవ్ అని అడిగిండు.

ఊరోళ్ళకు ఆ తేడా తెల్వదు. సాయంత్రానికి బ్రోకర్ మిఠాయి డబ్బాతోని వచ్చిండు. ఆయన భుజం మీద చెయ్యేసి "బాబాయ్" అని కూడ పిలిచిండు. ఆయన అవ్ అనలేదు, కాదనలేదు. అక్క వండింది తిన్నడు, ఆమె పరిచిన గొంగడి మీద పండుకున్నడు. ఎవరన్న చిన్నప్పటి సంగతి అడిగితే నా దిక్కు చూసేటోడు. చిత్రమేందంటే, చాన సంగతులు ఆయనకు తెలుసు. అక్క జొన్న గటకల సల్ల ఎట్ల పోస్తదో తెలుసు. నన్ను గొర్రెపోతు పొడిచిన సంగతి తెలుసు. ఎక్కడ పొడిచిందో కూడ చెప్పి గల్లీనంత నవ్వించిండు. నేను నవ్వలేదు. మనిషి లేకుంట మనిషి జ్ఞాపకాలు వచ్చి మా వాకిట్ల కూసున్నట్టు ఉన్నది నాకు.

రెండో దినం ఆయన్ని చెరువు కట్ట మీదికి తీసుకపోయిన. పెద్ద చెరువు పేరుకే చెరువు. నడుమ తుమ్మచెట్లు మొలిచినయి, మేకలు మేస్తున్నయి. కట్ట మీద ఎవరూ లేరు.

"నువ్వెవరు?" అన్న.

ఆయన బీడీ తీసి, ముట్టించకుంట చేతిలనే పట్టుకున్నడు. "నేను చెప్పనీకే వచ్చిన అన్నా. వాకిట్ల నిలబడి చెప్దామనుకున్న. అక్క ఊదింది. గట్ల ఊదితే ఏమని చెప్పాలె? చెయ్యి దానంతటదే లేచింది."

పాలమూరు దిక్కు మనిషి. బొంబాయిల తమ్మునితోని ఒకే రేకుల షెడ్డుల ఉన్నడు, ఒకే పని. సముద్రంల అలలు కొట్టకుంట రాళ్ళ కట్ట పోసే పని. పని ఇడిచినంక తమ్ముడు రాళ్ళ చివరిదాక పోయి కూసోని ఈల ఊదేటోడట. దూరం నీళ్ళల్ల నల్లటి వీపులు లేచి మునిగేవట. వాటి దిక్కు తిరిగి ఊదేటోడట. "పిచ్చి లేసిందారా అంటే, మా అక్కకు వినొస్తది అనేటోడు. ఇంటికి పోవచ్చు గద అంటే, మంద పోగొట్టుకొని ఏ మొఖం పెట్టుకొని పోవాలె అనేటోడు."

"నువ్వెట్ల నేర్చుకున్నవ్?"

"అన్నానికి పిలవాలంటే ఊదేటోన్ని. వాని ఈల వానికే. నేను ఊదితే వాడు అటు నుంచి ఊదేటోడు. వాడు ఊదేది జర వేరుగ ఉంటుండె, చివరికి కిందికి. నాకు ఆ కిందికి రాలే ఎన్నడూ."

ఒక వానాకాలం, పొద్దుగాల, రాళ్ళ చివరికి పోయినోడు అన్నానికి రాలేదు. ఈయన ఊదిండు. జవాబు లేదు. చెప్పులు రాళ్ళ మీదనే ఉన్నయట. సముద్రం ఏమీ తెచ్చియ్యలేదు. దినాల తరబడి ఊదిండట. తర్వాత పని వేరే తానకు పోయింది. పెండ్లి లేదు, ఊర్ల ఎవరూ మిగలలేదు. ముసలితనమొచ్చినంక, ఇన్నేండ్లు చెవుల విన్న అక్కను ఒక్కసారి చూసి, సంగతి చెప్పి పోదామని వచ్చిండు.

నాకు కోపం మండింది. ఎవరి మీదనో తెలిస్తే మంచిగుండు. "టీవీల డబ్బా చేసిన పని చేసినవ్ నువ్వు" అన్న. ఆయనకు అర్థం కాలేదు. చెప్పిన, డాల్ఫిన్ల సంగతంతా. గొంతు తీసేసి, వంకర ఒక్కటి మిగిల్చి, నీళ్ళల్ల దించి ఊదించిండ్రని. ఆయన ముట్టించని బీడీ కట్ట కిందికి పారేసిండు.

"అది తిరిగి చూసిందా అన్నా?"

"చూసింది."

"మరి డబ్బా ఏం చేసింది?" అన్నడు.

ఇంటికి పోంగనే అక్కకు చెప్పమన్న. నువ్వు చెప్తవా నేను చెప్పాల్నా అన్న.

ఆయన చెప్పలేదు, నేనూ చెప్పలేదు. అక్కనే అడిగింది. మేం వచ్చేసరికి పొయ్యి కాడ రొట్టె కాలుస్తున్నది. తల ఎత్తకుంటనే, "ఏమంటుండురా, యాడ ఇడిచిపెట్టిండట నా తమ్మున్ని?" అన్నది.

"నీకు ముందే తెలుసా?" అన్న నేను.

"నాకు చెవులు లేవా? తోక దించిండా వాడు?"

"మరి బువ్వెందుకు పెట్టినవ్?"

"పెట్టకపోతే ఎట్లరా? వాని ఈల మోసుకొని గింత దూరం వచ్చిండు." రొట్టె తిప్పింది. తర్వాత ఆయన దిక్కు చూసి అడిగింది. "నువ్వు పిలిస్తే పలికెటోడా?"

"పలికెటోడు అక్కా."

"కిందికి దించెటోడా?"

"దించెటోడు."

"ఆఖరి దినం?"

ఆయన తల అడ్డంగ ఊపిండు. అక్క పెనం మీది రొట్టె మాడుతున్నది. నేనే తీసి కింద పెట్టిన. సముద్రం సంగతి, చెప్పుల సంగతి ఆయన చెప్పిండు. అక్క ఏడవలేదు. "ఆఖరికి పలకలేదు అంటే, పలకలేదు అనే గద. సచ్చిండని కాదు గద" అన్నది. ముప్పై ఏండ్లు పట్టుకున్నదాన్ని చెప్పుల జత చూసి ఇడిచిపెట్టే మనిషి కాదు అక్క. "రేపు గుట్టకు పోదాం. నువ్వు అక్కడెట్ల పిలిచెటోనివో గట్ల పిలువు. నేను పిలుస్త. ఇద్దరం పిలిచినా పలకకపోతే అప్పుడు సూస్త."

మరునాడు పగటి అన్నం యాళ్ళకు పోయినం. ఆ యాళ్ళకు క్రషర్ ఆపుతరు. పొద్దటి సంది చెవులల్ల ఉన్న మోత ఒక్కసారి బందైతే, చెవుల నుంచి ఏదో తీసి పక్కన పెట్టినట్టు ఉంటది. గుట్ట సగమే ఉన్నది. మిగిలిన సగం తానంల నిట్ట నిలువు గుంత, కోసిన రాయి తెల్లగ మెరుస్తున్నది, అడుగున పచ్చటి నీళ్ళు. టిప్పర్ డ్రైవర్ ఒకడు బండి నీడల కూసోని టిఫిన్ డబ్బా విప్పుతున్నడు. ఇంకెవరూ లేరు. గాలి లేదు.

గుంత ఒడ్డున ఆయన నిలబడి ఊదిండు. తోక లేపి. ఎదురుగ కోసిన రాయి అదే ఈలను తిరిగి ఇచ్చింది, తోక లేపే. అయిపోయింది. తర్వాత అక్క ఊదింది. వయసుకు సగం గాలే వచ్చింది గాని వంకర తప్పలేదు. రాయి దాన్ని కూడ తిరిగి ఇచ్చింది, తోక లేపే. అదీ అయిపోయింది. ఆయన చేతులు దించి మోకాళ్ళ మీద ఆనించుకొని వంగిండు, దమ్ము తీసుకునేటందుకు. ఇగ పోదామందామని నేను అక్క దిక్కు తిరిగిన.

అప్పుడు వచ్చింది. గుంతల నుంచి, చాన కిందికెల్లి, నీళ్ళ దగ్గరికెల్లి వచ్చినట్టు. పైకి పోయింది, నడుమ విరిగింది, మళ్ళ లేచింది. జర ఆగింది. తర్వాత మెల్లగ, తొందరేం లేనట్టు, దిగింది.

అది తమ్ముని గొంతా అంటే చెప్పలేను. దానికి గొంతు లేదు. వంకర ఒక్కటే ఉన్నది.

రాయి తిరిగి ఇచ్చిందనుకుందామంటే, రాయి ఇచ్చినదాన్నే ఇస్తది, లేపిన తోకను దించదు. ఆయన ఊదిండనుకుందామంటే చేతులు మోకాళ్ళ మీదనే ఉన్నయి, నోరు తెరిచే ఉన్నది. నా చెవుల మోసం అనుకుందామంటే, టిప్పర్ డ్రైవర్ డబ్బా కింద పెట్టి లేచి నిలబడ్డడు. "ఎవడురా లోపట దిగింది?" అని అరిచిండు. "మధ్యాహ్నం రాళ్ళు పేల్చే మందు పెడతరు, పైకి రాండ్రి." ఒడ్డుకొచ్చి నాలుగు దిక్కుల తొంగి చూసిండు. నీళ్ళు అద్దంలెక్క ఉన్నయి. "మీవోడేనా?" అని మమ్మల్ని అడిగిండు.

"అవ్" అన్నది అక్క. "మావోడే. నువ్వు బువ్వ తిను బిడ్డా."

గుట్ట దిగుతుంటే వెనక క్రషర్ మళ్ళ మొదలైంది.

ఇంటికొచ్చేసరికి బ్రోకర్ మా అరుగు మీద కూసోని ఉన్నడు. అక్క చెప్పులిడిచి, నీళ్ళు తాగి, వాని ముందు నిలబడ్డది. "నా తమ్ముడు ఇంటికొచ్చిండు. ఇగ పోయిండని రాసుకోండ్రి" అన్నది. వాడు ఆయన దిక్కు, నా దిక్కు బెదిరినట్టు చూసిండు. "వచ్చిండంటున్నవ్, పోయిండంటున్నవ్. నేనేం రాసుకోవాలె అక్కా?" "రెండూ రాసుకో" అన్నది అక్క. ఇన్నేండ్లు ఒప్పుకోని మాట అది. వినంగనే సంబురపడాల్సిన బ్రోకర్ చాయ్ కూడ తాగకుంట పోయిండు.

ఆ తర్వాత అక్క తమ్ముని ఈల ఊదంగ నేను వినలేదు. ఒకసారి నేను ఊదబోతే చెయ్యి పట్టుకున్నది. "ఇల్లు చేరినోన్ని మళ్ళ మళ్ళ పిలవొద్దు" అన్నది.

ఆయన్ని ఉండమని మేం అడిగినం. ఉండనన్నడు. వేరే మనిషి పేరుతోని గల్లీ పిలుస్తుంటే నిద్ర పడతలేదన్నడు. బస్టాండుకు ముగ్గురం పోయినం. బస్సెక్కి కిటికీ కాడ కూసున్నంక అక్క కింది నుంచి అడిగింది.

"నీ ఈల ఏది?"

"నాకు లేదక్కా. మేం గొర్లు కాయలే."

"లేకుంటే ఎట్ల? రేపు నిన్ను పిలవాలంటే ఏమని పిలవాలె? ఊదు."

ఆయన సిగ్గుపడ్డడు. బస్సు నిండ మనుషులు చూస్తున్నరు. కండక్టర్, "ఏమమ్మా, ఈలలేయిస్తున్నవ్, నా బస్సా నీ బస్సా" అన్నడు. ఆయన వేళ్ళు నోట్ల పెట్టుకొని ఏదో ఊదిండు, పొట్టిగ, ఒక్క మెలికతోని. అక్క విన్నది. మళ్ళ ఊదమన్నది. మళ్ళ విన్నది. బస్సు కదిలి సాగర్ రోడ్డు మీదికి తిరుగుతుంటే అక్క అదే ఈలను తోక లేపి ఊదింది. కిటికీల నుంచి జవాబొచ్చింది. ఈసారి చివరికి, వంకర టింకరగనన్న, కిందికి దిగింది.

నడుచుకుంట ఇంటికి వస్తుంటే నేను ఉండబట్టలేక అడిగిన. టీవీల చూసింది, కాయితాలల్ల చదివింది, అంతా ముంగటేసుకొని రెండు దినాలు తిప్పలు పడ్డ మనిషిని.

"అక్కా, మొన్న గుంతల పలికింది ఎవలు?"

అక్క నా దిక్కు కూడ చూడలేదు. కొంగు నెత్తి మీదికి లాక్కొని ముందు నడిచింది.

"నీకెందుకురా? నువ్వు పిలువలేదు గద."